మూసిన తలుపుకు లోపలి వైపు

చిరంజీవి అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన కథ అంది పది రోజులు దాటింది. కవరులో కథతో పాటు పెట్టిన చిన్న కాగితం మీద "అమ్మా, నువ్వు వద్దంటే దీన్ని ఎక్కడికీ పంపను" అని ఒకే ఒక్క వాక్యం రాశావు. దానికి అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు రాసి పంపవచ్చు. ఫోనులో చెప్పినా సరిపోయేది. కానీ నలభై ఏళ్ళుగా రాతపనిలో ఉన్న మనిషిని అనుమతి అడిగితే ఆ మనిషి ఒక్క ముక్కతో ఊరుకుంటుందని నువ్వు కూడా అనుకొని ఉండవు. పైగా నీ కథలో ఒక తల్లి ఉంది. ఆమె రోజూ తెల్లవారుజామున గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. తలుపు ఇవతల ఆరేళ్ళ పిల్ల గోడకు ఆనుకొని కూర్చొని, అమ్మ తనకు పంచిపెట్టని సుఖమేదో లోపల ఒంటరిగా అనుభవిస్తోందని ఊహించుకుంటూ ఉంటుంది.

ముందుగా చెప్పవలసినది, కథ బాగుంది. ఇది తల్లిగా అంటున్న మాట కాదు. తల్లిగా చదివినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడోసారి పెన్సిలు పట్టుకొని, ఎవరో కొత్త రచయిత్రి పంపిన రాతప్రతిలా చదివిన తరువాతనే ఈ మాట అంటున్నాను. ఆ పిల్లకు తలుపు ఇవతలి వైపు మాత్రమే తెలుసు, కథకు అంతే కావాలి. అయితే నువ్వు ఇప్పుడు ఆ పిల్లవు కావు. నువ్వూ ఒక బల్ల, ఒక వేళ చూసుకొని తలుపు వేసుకోవడం మొదలుపెట్టావు. ఇన్నేళ్ళూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. లోపలి వైపు ఏముండేదో ఇప్పుడైనా చెప్పడం న్యాయమనిపించింది.

నిజానికి ఆ గదిలో చాలా రోజులు ఏమీ జరిగేది కాదు. నాలుగున్నరకు లేచి, ముఖం కడుక్కొని, బల్ల ముందు కూర్చొని, ముందురోజు రాసిన పేజీ చదువుకునేదాన్ని. రాత్రి పడుకునే ముందు అద్భుతంగా కనిపించిన పేరా తెల్లవారేసరికి ఎవరో నా దస్తూరీని అనుకరించి రాసిపెట్టిపోయినట్టు ఉండేది. దాన్ని కొట్టేసేదాన్ని. కొట్టేసిన చోట మరొకటి రాసి, దాన్నీ కొట్టేసి, చివరికి మొదటి వాక్యాన్నే ఒక్క మాట తేడాతో తిరిగి రాసేదాన్ని. అప్పటికి ఆరు దాటేది. నిన్ను లేపాలి, తయారు చేయాలి, నేను ఉద్యోగానికి పరుగెత్తాలి. నువ్వు గోడకు ఆనుకొని ఊహించుకున్న సుఖం చాలా ఉదయాలలో ఇంతే.

పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లిషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, తెల్లవారుజామున గడియారాన్ని ఎదురుగా పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1883లో, ఆ పుస్తకం వెలువడినప్పుడు, ఇలా కొలిచి రాసేవాడు కళాకారుడెలా అవుతాడని చాలామంది ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఆ లెక్క చదవగానే అసూయ కలిగింది. ఒక్కొక్కసారి పావుగంటలో నాకు పాత్ర పేరు కూడా కుదిరేది కాదు. అయినా నేను ఆయన పక్షమే. మనసు కుదిరినప్పుడు రాద్దామనుకునే ఉద్యోగస్థురాలికి మనసు కుదిరే రోజు రాదు. వేళకు కూర్చుంటే, పది రోజులలో ఏదో ఒక రోజు మనసే వచ్చి పక్కన కూర్చుంటుంది. టోనీ మోరిసన్ మొదటి నవల 1970లో వచ్చేనాటికి ఆమెకు 39 ఏళ్ళు. ఇద్దరు చిన్న కొడుకులను ఒంటరిగా పెంచుకుంటూ, ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా పనిచేస్తూ, పిల్లలు లేవకముందే రాసుకునేవారు. అందరూ ఈ సంగతిని పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నేను మాత్రం, ఆ పిల్లలు ఏదో ఒకరోజు ముందుగానే లేచి ఉంటారు కదా అనుకుంటూ ఉంటాను.

సంతోషాలు అసలే లేవంటే అబద్ధమవుతుంది. ఉన్నాయి, అయితే పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేటంత చిన్నవి. ఒకసారి ఒక ముసలాయన పాత్ర కొడుకును తలచుకొని పడే బాధకు మాట కావలసి వచ్చింది. 'విచారం' అని రాశాను, అది కార్యాలయపు లేఖలా ఉంది. 'దిగులు' అని మార్చాను, అదీ సరిపోలేదు, ఎందుకు సరిపోలేదో తెలియలేదు. నాలుగు రోజుల తరువాత ఇంటికి తాళం వేస్తూ ఉండగా 'బెంగ' అన్న మాట తనంతట తాను వచ్చి నిలబడింది. దిగులుకు మనుషులతో పని లేదు, సాయంత్రం వేళ కారణం లేకుండానే పడుతుంది. బెంగకు ఒక మనిషి కావాలి, బెంగ ఎప్పుడూ ఎవరి మీదనో పెట్టుకునేదే. మన భాషలో ఇంత తేడా నా పుట్టుకకు ముందు నుంచీ ఉంది, నేను పుట్టిన దగ్గర నుంచీ ఆ రెండు మాటలూ వాడుతూనే ఉన్నాను, అయినా ఆ రోజు తాళంచెవి చేతిలో పట్టుకొని నిలబడేదాకా ఆ తేడాను చూడలేదు. ఆ రోజంతా ఉద్యోగంలో ఎవరు ఏం అన్నా నవ్వుతూనే ఉన్నాను. ఒకావిడ నాకు జీతం పెరిగిందేమోనని అడిగింది కూడా.

ఇలాంటివే మరికొన్ని. క్రియ కోసం పాఠకుడిని వాక్యం చివరిదాకా చేయి పట్టుకొని నడిపించుకుపోయి, సరిగ్గా అక్కడ అతను ఎదురుచూడని క్రియను అందించడంలో ఉన్న అల్లరి సంతోషం ఒకటి. క్రియను చివర పెట్టుకునే భాషలో పుట్టినందుకు దక్కిన వరం అది. వారం రోజులు చెక్కిన పేరాను, అది బాగున్నప్పటికీ ఆ కథకు అక్కర్లేదని తెలుసుకొని తీసివేసినప్పుడు కలిగే తేలికదనం మరొకటి. ఇది అనుభవించనివారికి చెబితే నమ్మరు. ఎక్కడో వరుసలో నిలబడినప్పుడు వెనుక ఇద్దరు మాట్లాడుకుంటున్న మాటలలో ఒక వాక్యం చెవిన పడి, ఇంటికి వచ్చేదాకా దాన్ని తొణకకుండా మోసుకొని రావడం ఇంకొకటి. ఇవన్నీ కలిపినా నెలకు రెండు మూడుకు మించవు. కాని వాటి కోసమే మిగిలిన రోజులు కూర్చున్నాను.

నీ కథలో లేని సంఘటన ఒకటి ఉంది. నీకు గుర్తు లేక వదిలేశావో, నా మీద దయతో వదిలేశావో తెలియదు. నీకు నాలుగో ఏడు. వారపత్రికకు పంపడానికి శుద్ధప్రతి రాసి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి పదకొండు కాగితాలు పడవలై నీళ్ళ తొట్టెలో తేలుతున్నాయి. అప్పట్లో సిరా కలంతో రాసేదాన్ని. తొట్టె నీళ్ళు నీలంగా మారాయి. నువ్వు చప్పట్లు కొడుతున్నావు. నేను నిన్ను కొట్టాను. జీవితంలో నిన్ను కొట్టింది ఆ ఒక్కసారే. చిత్తుప్రతి ఉంది కదా అని మీ నాన్నగారు అన్నారు. చిత్తుప్రతికీ శుద్ధప్రతికీ మధ్య ఎంత దూరముంటుందో ఆయనకు చెప్పే ఓపిక అప్పుడు లేదు.

అంతకన్నా పెద్ద నష్టం 1835లో థామస్ కార్లైల్‌కు జరిగింది. ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటం రాతప్రతిని చదవమని తన స్నేహితుడు జాన్ స్టూవర్ట్ మిల్‌కు ఇచ్చాడు. అక్కడ పనిమనిషి దాన్ని చిత్తు కాగితాలనుకొని మంటలో వేసింది. మిల్ వణికిపోతూ వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్ళిన తరువాత, ఇది మనకెంత పెద్ద దెబ్బో అతనికి తెలియనివ్వకూడదని కార్లైల్ తన భార్యతో అన్నాడట. తరువాత మొత్తం మళ్ళీ రాశాడు. పుస్తకం 1837లో వచ్చింది. ఆయనకు మొత్తం సంపుటం పోయింది, నాకు పోయినవి పదకొండు కాగితాలు. ఆయన తన స్నేహితుడిని ఓదార్చాడు, నేను నాలుగేళ్ళ పిల్లను కొట్టాను. తిరిగి రాసిన ఆ పదకొండు పేజీలు మొదటివాటి కన్నా బాగా వచ్చాయన్న సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే కొట్టినందుకు క్షమాపణ కూడా చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు రెండూ చెబుతున్నాను.

ఒత్తిళ్ళ సంగతికి వస్తే, బయటివారు ఊహించేవాటిలో చాలావరకు అలవాటైపోతాయి. తిరిగి వచ్చిన కథలు మొదట గుండెలో గుచ్చుకుంటాయి, తరువాత కవరు బరువును బట్టే తెలిసిపోతాయి, ఆ తరువాత ఆ కవరు తెరవకుండానే మరో పత్రిక చిరునామా రాయడం వస్తుంది. డబ్బు సంగతి ఒక వాక్యంలో ముగిస్తాను: పారితోషికాన్ని నమ్ముకొని ఏ నెలా ఇల్లు నడపకు, వచ్చినప్పుడు మాత్రం మొహమాటపడకుండా తీసుకో. మెడ, భుజం, కళ్ళు అరిగిపోతాయి. గంటకొకసారి లేచి నడువు.

అలవాటు కానివి వేరే ఉన్నాయి. నా ఈడు రచయిత్రి ఒకావిడ మంచి నవల రాసినప్పుడు, అది మంచిదని తెలిసి, నలుగురిలో మెచ్చుకొని, ఇంటికి వచ్చి వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను. ఈ అసూయ వయసుతో పోతుందని ఎదురుచూశాను, పోలేదు. చెడ్డ పుస్తకాలకు పేరు వస్తే కోపం మాత్రమే వస్తుంది, అసూయ మంచి పుస్తకాల మీదనే కలుగుతుందని తెలుసుకున్న తరువాత దాన్ని ఒక కొలబద్దగా వాడుకోవడం నేర్చుకున్నాను. రెండోది, పుస్తకం వచ్చిన తరువాతి నిశ్శబ్దం. తిట్టినా బాగుండుననిపిస్తుంది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ఎమిలీ డికిన్సన్ దాదాపు 1,800 కవితలు రాసి, బతికి ఉండగా వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే అచ్చులో చూసిందనీ, 1886లో ఆమె పోయిన తరువాత చెల్లెలికి ఆ కవితలు దొరికాయనీ చెప్పి ఓదారుస్తారు. నన్ను అది ఓదార్చలేదు. ఆమెకున్న నిబ్బరం నాకు లేదు; నాకు చదివేవారు కావాలి, నేను బతికి ఉండగా కావాలి. నీకూ అలా అనిపిస్తే సిగ్గుపడకు.

గడువుల సంగతి వేరు. 1865లో రష్యన్ నవలాకారుడు దొస్తయెవ్‌స్కీ అప్పుల ఒత్తిడిలో ఒక ప్రచురణకర్తకు ఒప్పందం రాసి ఇచ్చాడు. 1866 నవంబరు 1 లోగా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళ పాటు తన రచనలను పైసా ఇవ్వకుండా అచ్చు వేసుకునే హక్కు ఆ ప్రచురణకర్తకు పోతుంది. ఆ ఏడాది అక్టోబరులో ఇరవై ఏళ్ళ స్టెనోగ్రాఫరును పెట్టుకొని 26 రోజులలో నవల చెప్పి రాయించాడు. మరుసటి ఏడాది ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. ఈ కథ విని గడువు మంచిదేనని నవ్వుకుంటాము. నా గడువు అంత ముచ్చటగా లేదు. నా ధారావాహిక వస్తున్న రోజులలో ఒక వారం నీకు జ్వరం నూట మూడు దాటింది. నీ మంచం పక్కన కూర్చొని, ఒక చేత్తో తడిగుడ్డ నీ నుదుటి మీద అద్దుతూ, మరో చేత్తో ఆ వారపు భాగం రాశాను. ఆ భాగంలో కథానాయిక కూతురికి జ్వరం వచ్చింది. నీ పెదవులు ఎండిన తీరు, నిద్రలో నువ్వు పలవరించిన మాటలు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ వారం పాఠకుల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. రాసేవారి జీవితంలో ఏదీ వృథాగా పోదని సభలలో చెబుతూ ఉంటారు, నేనూ చెప్పాను. ఏదీ వృథా పోనివ్వకపోవడం ఎంత మొరటుతనమో సభలలో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక రాత్రి దీపం ఆర్పిన తరువాత నువ్వు నాకు ఒక మాట చెప్పావు. ఆ రోజు బడి గేటు దగ్గర నీ స్నేహితురాళ్ళ మధ్య నిలబడి ఉండగా మీ నాన్నగారు నిన్ను తీసుకువెళ్ళడానికి వచ్చారనీ, ఆయన నత్తి వారు వింటారని భయపడి, ఆయన నీ పేరు పలకడానికి తంటాలు పడుతూ ఉంటే నువ్వు గుర్తు పట్టనట్టు ముందుకు నడిచిపోయావనీ చెప్పి ఏడ్చావు. నేను నీ తల నిమిరాను. నిమురుతూనే, 'పేరు పలకడానికి తంటాలు పడుతూ ఉంటే' అన్న నీ మాటను మనసులో రాసుకున్నాను. ఏడుస్తున్న బిడ్డ తల మీద చేయి ఉంచి ఆ పని చేశాను. ఆరు నెలల తరువాత కథ అచ్చయింది. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, కూతురిని కొడుకు చేశాను; ఇంకేం కావాలని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు పత్రిక తెరిచి రెండో పేజీకి వచ్చేసరికే గుర్తు పట్టావు. నాతో ఇరవై మూడు రోజులు మాట్లాడలేదు. నీ కోపం న్యాయమైనదని ఆ రోజే తెలుసు, అయినా కథ అంటే ఏమిటో నీకు అర్థం కాదని వాదించాను.

నీకు తెలియనిది ఒకటుంది. మీ నాన్నగారు ఆ కథను నీకన్నా ముందే చదివారు. చదివి, పత్రికను నీట్‌గా మడిచి బల్ల మీద పెట్టి, "కథ బాగుంది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మరునాటి నుంచి నిన్ను తీసుకురావడానికి బడి గేటు దాకా కాకుండా వీధి మలుపు దాకా మాత్రమే వచ్చేవారు. నువ్వు పెద్దదానివయ్యావని అలా చేస్తున్నారని అనుకున్నావు. ఇన్నేళ్ళలో మేమిద్దరం దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆ కథను అందరూ నా మంచి కథ అంటారు, దురదృష్టవశాత్తూ అది నిజం. నేను దాన్ని ఏ సంపుటంలోనూ చేర్చలేదు. చేర్చకపోవడం వల్ల ఎవరికి ఏం ఒరిగిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక కలల సంగతి. మొదటి పుస్తకం గురించి నేను కన్న కలలో వెలుతురు చాలా ఉండేది, నలుగురు నా చుట్టూ ఉండేవారు. జరిగింది వేరు. ముందుగా ప్రచురణకర్త కబురు చేసి, పుస్తకం ఒక పేజీన్నర ఎక్కువైందనీ, అచ్చు ఫారాలలో జరుగుతుంది గనుక, ఫారానికి 16 పేజీలు గనుక, ఆ పేజీన్నర కోసం మరో ఫారం వేయలేననీ, ఎక్కడైనా తగ్గించమనీ చెప్పారు. కళ గురించి పదేళ్ళు ఆలోచించిన మనిషిని నేను. చివరికి రెండు కథల ముగింపులను కాగితం మడత నిర్ణయించింది. ఆ రెండు ముగింపులూ కురచ చేసిన తరువాతే బాగున్నాయని ఒప్పుకోవాలి. పుస్తకాల కట్ట వచ్చిన రోజున ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, కుళాయి కారుతుంటే గుడ్డ కడుతున్నాను. తడి చేతులు తుడుచుకొని కట్ట విప్పి, మొదటి ప్రతిని ఎక్కడో మధ్యలో తెరిచాను. తెరిచిన పేజీలోనే ముద్రారాక్షసం నవ్వుతూ కూర్చొని ఉంది: 'ఆమె మౌనంగా తల ఊపింది' అన్నచోట 'ఆమె మౌనంగా తల ఊడింది' అని పడింది. ఆ ప్రూఫును మూడుసార్లు దిద్దింది నేనే. నీకు తొమ్మిదేళ్ళు, సాయంత్రం బడి నుంచి వచ్చి ఆ వాక్యం చదివి పడీపడీ నవ్వావు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా కలలో లేదు.

కల నెరవేరిన క్షణం ఏదని అడిగితే, అది అంతకు రెండు నెలల ముందే, నాకు తెలియకుండా జరిగిపోయింది. ప్రెస్సు నుంచి వచ్చిన మొదటి ప్రూఫుల కట్టలో, ఆగిపోయిన రేడియో ముందు కూర్చొని వింటున్నట్టు నటించే ముసలాయన కథలో, ఒక పేరా పక్కన అంచు మీద పెన్సిలుతో సన్నగా 'ఇక్కడ ఆగిపోయాను' అని రాసి ఉంది. రాసినవారు తరువాత రబ్బరుతో చెరిపేయబోయారు, పూర్తిగా చెరగలేదు. అది దిద్దుబాటు కాదు. ప్రూఫులు చూసే ఆవిడ, రోజుకు ఎన్ని పేజీలు చూడాలో లెక్క ఉన్న మనిషి, అక్షరం అక్షరం వెతకవలసిన మనిషి, వాక్యం వెంట పోయి పని మరిచిపోయింది. ఆవిడను నేను ఎన్నడూ చూడలేదు. తరువాత వచ్చిన శాలువాలూ, జ్ఞాపికలూ బీరువాలో ఉన్నాయి, దుమ్ము దులిపేటప్పుడు తప్ప గుర్తుకు రావు. ఆ ప్రూఫు కాగితం మాత్రం బల్ల సొరుగులో అడుగున ఉంది. నా తరువాత కాగితాలు సర్దేటప్పుడు దాన్ని పారేయవద్దు.

అచ్చయిన తరువాత కూడా చేయి ఊరుకోదని నీకు త్వరలోనే తెలుస్తుంది. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని అలాగే వదిలివేయలేదు. పన్నెండేళ్ళ తరువాత, 1909లో, చాలా పెంచి, మార్చి తిరిగి ప్రచురించారు. ఈనాడు మనం చదివేది ఆ రెండో కూర్పునే. అప్పటికే పేరు వచ్చిన నాటకాన్ని మళ్ళీ బల్ల మీదకు తెచ్చుకోవడానికి ఎంత అతృప్తి కావాలో, ఎంత ధైర్యం కావాలో ఊహించు. నేను అంత పని చేయలేదు. నా పాత పుస్తకాల ప్రతులలో అంచుల మీద దిద్దుకొని, ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టుకున్నాను, అంతే.

ఇక నీ ప్రశ్న. రాసిన వాక్యాలకు చట్టం ఉంది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలలో రచన మీద హక్కు రచయిత పోయిన తరువాత కనీసం 50 ఏళ్ళు నిలుస్తుంది. ఆ లెక్కన నా వాక్యాలకు నా తరువాత నువ్వే యజమానివి. కాని జరిగిన సంగతి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. తలుపు వేసుకున్నది నేను, గోడకు ఆనుకొని కూర్చున్నది నువ్వు. ఆ ఉదయాలు ఎవరివో ఏ చట్టమూ చెప్పదు. నువ్వు అడగవలసిన అవసరం లేకపోయినా అడిగావు. నీ వయసులో నేను ఎవరినీ అడగలేదు. నా మటుకు నేను సంతోషంగా ఒప్పుకుంటున్నాను. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దు.

అయితే నీ కథలో మరొకరు కూడా ఉన్నారు. 'నాన్న వంటింట్లోంచి వచ్చి, ఏమీ అనకుండా పిల్లకు జడ వేశాడు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు' అని రెండు వాక్యాలు రాశావు. మంచి వాక్యాలు. రెండో వాక్యాన్ని చదివి ఆయన ఏమనుకుంటారో నాకు తెలుసుననుకుంటున్నాను, కాని తెలుసుననుకోవడమే నేను లోగడ చేసిన తప్పు. నీ కథను ఆయనకు ఇంకా చూపలేదు. నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందని తెలుసు, రోజూ బల్ల వైపు చూస్తున్నారు, అడగడం లేదు. ఆ రెండు వాక్యాల కోసం ఆయనకు విడిగా ఉత్తరం రాయి. ఫోను వద్దు, ఆయనకు కాగితం మీద జవాబు చెప్పడం సుఖంగా ఉంటుంది. ఆయన వద్దంటే ఆ వాక్యాలు తీసివేయి. కథ కొద్దిగా బోసిపోతుంది, పోనీ.

మూడు చిన్న విషయాలు రాతప్రతి మీద పెన్సిలుతో గుర్తు పెట్టి దీనితో పంపుతున్నాను. మొదటి పేజీలో గడియ వేసిన చప్పుడు అని రాశావు. ఆ తలుపుకు నేను గడియ ఎప్పుడూ వేయలేదు, దగ్గరగా లాగి ఉంచేదాన్ని, అంతే. నువ్వు విన్న చప్పుడు బల్ల సొరుగుది. అది బిగుసుకుపోయి ఉండేది, కాగితాలు తీయడానికి గట్టిగా లాగవలసి వచ్చేది. తలుపు తోయవద్దని చెప్పాను, నువ్వు తోయలేదు. దీన్ని దిద్దవద్దు; ఆ పిల్ల విన్నది గడియ చప్పుడే. మూడో పేజీలో 'నిశ్శబ్దంగా' అన్న మాట రెండు చోట్ల వచ్చింది, రెండోది అక్కర్లేదు. చివరి పేరాలో పిల్ల పెద్దదై తల్లిని అర్థం చేసుకున్నట్టు రాసిన నాలుగు వాక్యాలను కొట్టేశాను. ఆ పిల్ల ఇంకా గోడ దగ్గరే కూర్చొని ఉండగా కథ ఆగిపోవాలి.

ఆశీస్సులతో,
అమ్మ